తెలుగు వస్తే మరీ మంచిది

అనంతపురం జిల్లాలో మహిళా సంఘాలతో పనిచేయడానికి కోఆర్డినేటర్ కావాలని ఒక సంస్థ ప్రకటన ఇచ్చింది. పేరెందుకులెండి, ఇలాంటి ప్రకటన ఇవ్వని సంస్థ ఏదో చెప్పడమే తేలిక. తప్పనిసరి అర్హతలు: ఇంటర్నేషనల్ డెవలప్‌మెంట్‌లో, అంటే పేద దేశాల అభివృద్ధి చదువులో, మాస్టర్స్, విదేశీ యూనివర్సిటీదైతే ప్రాధాన్యం. ఇంగ్లిషులో రిపోర్టులు రాయగలగాలి. ఎక్సెల్ రావాలి. అన్నిటికంటే కింద, వాంఛనీయం అన్న శీర్షికలో, టూవీలర్ లైసెన్సు పక్కన: తెలుగు తెలిసి ఉండటం.

వాంఛనీయమట. అంటే కళ్యాణదుర్గం అవతల పల్లెలో ముప్పై మంది ఆడవాళ్లతో పొదుపు లెక్కలు మాట్లాడాల్సిన మనిషికి తెలుగు వస్తే మరీ మంచిది, రాకపోతే సర్దుకుపోతారు. సర్దుకుపోయేది ఎవరో మాత్రం రాయలేదు.

ఆ విదేశీ డిగ్రీ షరతును నేను తప్పుపట్టడం లేదు. పేదరికాన్ని మరీ దగ్గర్నుంచి చూస్తే సరిగా ఆనదు. కాస్త ఎడం కావాలి. అందుకే ఈ చదువుకు పేరుమోసిన ఐడీఎస్ (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డెవలప్‌మెంట్ స్టడీస్) అనే సంస్థను 1966లో ఇంగ్లండ్‌లో, బ్రైటన్ దగ్గర ససెక్స్ యూనివర్సిటీలో పెట్టారు. అక్కణ్నుంచి అనంతపురం కరువు ఎంత స్పష్టంగా కనిపిస్తుందంటే, ఏడాదిలో కోర్సు అయిపోతుంది. ఫీజు, తిండి, అద్దె కలిపితే మన పిల్లలకు ముప్పై లక్షలు ఇట్టే దాటుతాయి. అందుకోసం ఇల్లు తాకట్టు పెట్టే తండ్రులున్నారు. పేదరికం గురించి చదవబోతూ ఇంటిల్లిపాదినీ దానికి నాలుగడుగులు దగ్గర చేయడం బహుశా ప్రాక్టికల్స్ కిందికి వస్తుందేమో.

ఒకప్పుడు ఇక్కడి పత్తి ఓడెక్కి వెళ్లి మాంచెస్టర్ గుడ్డగా మారి మనకే అమ్ముడుపోయేది. ఇప్పుడు ఇక్కడి పేదరికం వెళ్లి డిగ్రీగా మారి వస్తోంది. మాంచెస్టర్‌లో దానికీ ఒక ఇన్‌స్టిట్యూట్ ఉంది. ముడిసరుకు విషయంలో మన జిల్లాలు ఏనాడూ లోటు చేయలేదు. పిల్లల బతుకుల్ని ఏళ్ల తరబడి గమనించే ఆక్స్‌ఫర్డ్ వాళ్ల యంగ్ లైవ్స్ అధ్యయనానికి 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పిల్లలను 3,000 మందిని ఇచ్చాం. పేదరిక నిర్మూలనకు పెట్టిన వెలుగు పథకం 2000లో మొదలైన ఆరు జిల్లాల్లో అనంతపురం ఒకటి, అక్కడి మహిళా సంఘాల మీద ఎన్ని థీసిస్‌లు వచ్చాయో లెక్కే లేదు. 2010లో మైక్రోఫైనాన్స్ అప్పులు మన పల్లెల మెడకు చుట్టుకున్నాయి. దాని మీదా పుట్టలుపుట్టలుగా రాశారు.

డిగ్రీ చేతికొచ్చాక ఏమవుతుంది? ఐక్యరాజ్యసమితి సచివాలయంలో ఇంటర్న్‌షిప్ ఉంటుంది, జీతం ఉండదు. 2015లో ఒక న్యూజిలాండ్ కుర్రాడు జెనీవాలో టెంటులో ఉంటూ ఆ ఇంటర్న్‌షిప్‌కు వెళ్లి పేపర్లకెక్కాడు. ఐక్యరాజ్యసమితిలోనే జూనియర్ ప్రొఫెషనల్ ఆఫీసర్ అని ఇంకో దారి ఉంది, కానీ డబ్బిచ్చే దేశాలు ఆ పోస్టులను ఎక్కువగా తమ పౌరులకే ఇచ్చుకుంటాయి. ఆ లెక్కలో మనవాడు ఎంత చదివినా లబ్ధిదారుల దేశంవాడే. ఇక 2025 చూశాం కదా. అమెరికా జులై 1న తన విదేశీ సాయం సంస్థ యూఎస్‌ఎయిడ్ దుకాణం కట్టేసింది. బ్రిటన్ సాయాన్ని 2027కల్లా జాతీయ ఆదాయంలో 0.3 శాతానికి దించుతామంది. ప్రపంచ పేదరికాన్ని నిర్మూలించాల్సిన వేలమంది లింక్డిన్‌లో ముందు తమ నిరుద్యోగాన్ని నిర్మూలించమని మొక్కుకుంటున్నారు. మనవాడు వీసా ఉన్నంతకాలం సూపర్‌మార్కెట్‌లో అరలు సర్ది, తిరిగొచ్చి, ఏదో కన్సల్టెన్సీ తరఫున సెక్రటేరియట్‌లో ప్రాజెక్టులు చూసే విభాగం (పీఎంయూ)లో కూర్చుని డాష్‌బోర్డులు చేస్తాడు. అదృష్టవంతుడైతే మన ప్రకటనలోని ఉద్యోగం దొరుకుతుంది.

అలాంటి డిగ్రీతోనే ఏ ఢిల్లీవాడికో దొరికింది అనుకుందాం. తెలుగు రాదు, అది వాంఛనీయమే కదా. మొదటి ఫీల్డ్ విజిట్. రచ్చకట్ట దగ్గర సంఘం అంతా కూర్చుంది. దుబాసీ ఎవరంటే సంఘానికి లెక్కలు రాసే యానిమేటరమ్మే. ఇరవై ఏళ్లుగా ఆ పని చేస్తోంది. ముగ్గుతో ఊరి మ్యాపు గీయమని ఈయన ఇంగ్లిషులో మొదలుపెట్టేలోపే మ్యాపు అయిపోయింది. ఎండిన బోర్లకు సున్నాలు, నీళ్లున్న బోరుకు చుక్క. ఈయన కాగితంలో తర్వాతిది సీజనల్ క్యాలెండర్, ఏ నెలలో ఏముంటుందో గీయించడం. యానిమేటరమ్మ ఆపింది:

"అది ఇప్పుడు గాదు నాయనా. ముందు చెనక్కాయలు పెట్టించల్ల, యా ఇల్లు పేదదో యా ఇల్లు ఉన్నోళ్లదో. పోయినసారి మేడమ్ తారుమారు జేసి రెండో పొద్దు మళ్లీ రావాల్సొచ్చె."

ఈయన కాగితం తిరగేశాడు. చెనక్కాయలు పెట్టారు. క్యాలెండరూ అయింది. ఇక లేవబోయాడు.

"కూర్చో నాయనా, చపాతీ డయాగ్రమ్ మర్సిపోతివే. బ్యాంకు పెద్ద చపాతీనా, పంచాయతీ పెద్ద చపాతీనా, అడుగు మమ్మల్ని."

సంగటి తినే ఊరికి చపాతీ డయాగ్రమ్, ఊరికి ఎవరు ముఖ్యమైతే వాళ్లకంత పెద్ద గుండ్రం. అయినా ఎవరూ నవ్వలేదు, అలవాటైపోయింది. ఆఖర్న ఈయన అసలు ప్రశ్న అడిగాడు: మీ దృష్టిలో అభివృద్ధి అంటే ఏమిటి? వెనక నుంచి ఒక ముసలామె అంది: "బోరు." రిపోర్టులో అది, స్థానిక జలవనరుల సుస్థిరత పట్ల సముదాయ ఆకాంక్ష.

ఊరివాళ్లతోనే ఊరి సంగతి గీయించే ఆ పద్ధతి పుట్టింది మంచి ఉద్దేశంతోనే. 1980ల చివర్లో మన దేశపు పల్లెల్లోనే రూపు దిద్దుకుంది. ఐడీఎస్‌కే చెందిన రాబర్ట్ చాంబర్స్ లాంటివాళ్లు చెప్పిందల్లా ఒకటే, చదువుకున్నవాడు కాసేపు నోరు మూసుకుని ఊరివాళ్లను మాట్లాడనివ్వాలని. ఇప్పుడు నోరు మూసుకోవడానికి కూడా పౌండ్లలో ఫీజు కట్టాలి.

ఇంతకీ సంస్థలు ఈ డిగ్రీ ఎందుకడుగుతాయి? డోనర్లు టెండరు పిలిచినప్పుడు టెక్నికల్ మార్కులుంటాయి. టీమ్‌లో ఎవరేం చదివారో సీవీలు జతచేయాలి. మాస్టర్స్‌కు ఇన్ని మార్కులు, విదేశీ అనుభవానికి ఇన్ని. మనిషి చేయబోయే పనికీ ఆ మార్కులకూ సంబంధం ఉండనక్కర్లేదు. ఆ పట్టిక తయారుచేసినవాళ్లకూ అదే డిగ్రీ ఉంటుంది. తాము వచ్చిన తలుపును వాళ్లెందుకు మూసుకుంటారు?

ఆ యానిమేటరమ్మ అప్లై చేయలేదు. చేసే వీలే లేదు. కొట్లాట పడ్డ సంఘాలను కలిపింది ఆమె. మొగుడు లాక్కున్న పాస్‌బుక్కును తిరిగి ఇప్పించింది ఆమె. బ్యాంకు మేనేజరు లోన్ ఇవ్వనంటే ముప్పై మందిని వెంటబెట్టుకుని మెట్ల మీద కూర్చుంది ఆమె. ఆమెలాంటి ఊరి సంఘాల సహాయకులే (ఐకేపీ వీఓఏలు) తెలంగాణలో 2023 ఎండల్లో కనీస వేతనం ఇమ్మని సమ్మెకు దిగారు. మీ అంతర్జాతీయ సదస్సుల్లో సాధికారత అని స్లైడు మీద వేసే ఫొటో ఈమెది కాదా? ఫొటోకు పనికొచ్చిన మనిషి పోస్టుకు ఎందుకు పనికిరాదు? ఆమె పోగుచేసిన వివరాలతో ఇరవై రెండేళ్లవాడికి డిగ్రీ వస్తే, ఆ డిగ్రీ లేదన్న కారణంతో ఆమెను అతని కింద పనిచేయమంటారా? సిగ్గుండాలి.

పోనీ ఆమెలాంటివాళ్లు నోరు తెరిస్తే విన్నారా? 2001లో మెదక్ జిల్లా అల్గోల్‌లో ప్రజాతీర్పు పేరుతో చిన్న, సన్నకారు రైతులు, ఎక్కువమంది ఆడవాళ్లే, జ్యూరీగా కూర్చుని అప్పటి ప్రభుత్వ విజన్ 2020 మీద వాదనలు విని తీర్పు చెప్పారు. మాకిది వద్దన్నారు. రాష్ట్రానికి సాయమిస్తున్న బ్రిటన్ అభివృద్ధి శాఖకు అది రుచించలేదు. అధ్యయనం చేసిన పద్ధతి బాగాలేదని అభ్యంతరం చెప్పింది. మ్యాపు గీసినంతసేపూ వాళ్లు సమాచార వనరులు, వద్దనగానే పద్ధతి లోపం. అదే మాటను ఒక మాస్టర్స్ పిల్లాడు రెండు వందల ఫుట్‌నోట్లతో రాసి ఉంటే డిస్టింక్షన్ వచ్చేది.

మీ మార్కుల పట్టికలో ఇంకో గడి గీయండి. సంఘంలో ఎన్నేళ్లు పనిచేశారు, ఏడాదికి ఇన్ని మార్కులు. ఇరవై ఏళ్లు దాటితే ఇంగ్లిషు వాంఛనీయం.