క్యాంటర్ కోసం గుర్రాన్ని తరమకండి

గుర్రపు స్వారీ నేర్పే మైదానం ఏదైనా సరే, కంచె పక్కన పది నిమిషాలు నిలబడితే ఒక కేక తప్పకుండా వినిపిస్తుంది: "తన్ను, ఇంకా గట్టిగా తన్ను, ఆగనివ్వకు!" ట్రాట్ అనే మధ్యస్థ వేగపు నడకలో ఉన్న గుర్రం, దానికంటే వేగమైన క్యాంటర్ అనే దౌడులోకి రావడం లేదని ఆ కేక. రౌతు మడమలతో డొక్కలు కుమ్ముతూ ఉంటాడు. గుర్రం మెడ చాచుకొని, అదే ట్రాట్‌ను అంతకంతకూ వేగంగా, అంతకంతకూ గజిబిజిగా సాగించి, చివరికి ఏదో ఒక మూల తిరిగేటప్పుడు తూలిపడబోయి క్యాంటర్‌లో పడుతుంది. "వచ్చింది కదా!" అని అందరూ సంతోషిస్తారు. నా అభ్యంతరం ఆ సంతోషంతోనే. గుర్రం తూకం తప్పి, కింద పడకుండా ఉండడానికి వేసిన అడుగును మనం విజయంగా లెక్కగట్టి, మరునాడు మళ్లీ అదే పద్ధతిలో అడిగితే, దానికి మనం నేర్పుతున్నది పరుగెత్తి తూలడమే.

ట్రాట్ నుంచి క్యాంటర్‌కు మారడంలో కనిపించే లోపాలలో ఎక్కువ భాగం ఆ మార్పుకు ముందున్న నాలుగైదు ట్రాట్ అడుగుల్లోనే పుడతాయని, వాటిని సరిదిద్దవలసింది కూడా అక్కడేనని నా వాదన. ఇది కొత్త సంగతేమీ కాదు, మంచి శిక్షకులందరికీ తెలిసినదే. అయినా మైదానాల్లో కేకలు మాత్రం మారలేదు కాబట్టి ఇంత పొడుగున రాస్తున్నాను.

అమరకోశం గుర్రపు గతులను ఆస్కందితం, ధౌరితకం, రేచితం, వల్గితం, ప్లుతం అని ఐదుగా చెప్పింది గానీ, జీను మీద కూర్చునేవాళ్లెవరూ ఆ మాటలు వాడరు, అందువల్ల నేనూ ట్రాట్, క్యాంటర్ అనే అంటాను. ట్రాట్ రెండు దెబ్బల నడక: ఎడమ ముందుకాలు కుడి వెనుకకాలితో, కుడి ముందుకాలు ఎడమ వెనుకకాలితో జతకట్టి నేలను తాకుతాయి. క్యాంటర్ మూడు దెబ్బల నడక. కుడి లీడ్‌లో, అంటే కుడివైపు కాళ్లు ముందుకు చాచుకునే క్యాంటర్‌లో, మొదట ఎడమ వెనుకకాలు దిగుతుంది, తరువాత కుడి వెనుకకాలు, ఎడమ ముందుకాలు ఒకేసారి దిగుతాయి, చివరగా కుడి ముందుకాలు అన్నిటికంటే ముందుకు చాచుకొని దిగుతుంది, ఆపైన ఒక్క క్షణం గుర్రం మొత్తం గాలిలో ఉంటుంది. మన కంటికి కొట్టొచ్చినట్టు కనిపించే ఆ ముందుకాలు నిజానికి అంగలో చివరిది; క్యాంటర్‌ను మొదలుపెట్టేది మనం తిరుగుతున్న వలయానికి బయటివైపున ఉన్న వెనుకకాలు. అది మనకు కనిపించదు, కూర్చున్న చోటు నుంచి తెలుసుకోవాలి. భుజం మీదకు వంగి, లీడ్ సరిగ్గా వచ్చిందా లేదా అని చూసుకునే రౌతు, నాటకం అయిపోయాక తెర వైపు చూస్తున్నట్టే లెక్క.

వేగం పెంచితే క్యాంటర్ దానంతట అదే వస్తుంది కదా అనేవారి మాటలో కొంత నిజం ఉంది, దాన్ని కాదనను. గుర్రాలు ఒక్కో నడకలో తమకు తక్కువ శక్తి ఖర్చయ్యే వేగాన్నే ఎంచుకుంటాయని హోయ్ట్, టేలర్ అనే పరిశోధకులు 1981లో చూపించారు. పదేళ్ల తరువాత, 1991లో, ఫార్లే, టేలర్ మరొక అడుగు ముందుకు వేసి, ట్రాట్ నుంచి గ్యాలప్‌కు (క్యాంటర్ కంటే వేగమైన పరుగుకు) మారే క్షణాన్ని శక్తి ఖర్చు నిర్ణయించడం లేదని, కండరాల మీద, ఎముకల మీద పడే బలం ఒక హద్దుకు చేరినప్పుడు గుర్రం నడక మారుస్తోందని, వీపు మీద బరువు పెడితే అంతకంటే తక్కువ వేగంలోనే మారుస్తోందని గమనించారు. దీన్నిబట్టి నాకు అర్థమైనదేమిటంటే, గుర్రాన్ని తరిమి క్యాంటర్ తెప్పించడమంటే, ఈ ట్రాట్ ఇక నా కాళ్లు భరించలేవు అనే స్థితికి దాన్ని నెట్టడం. మారడం ఖాయమే, కానీ మారిన తరువాత దాని దగ్గర మిగిలేది ఏమీ ఉండదు: వీపు బిగుసుకొని, తల పైకెత్తి, బరువంతా భుజాల మీద వేసుకొని ఉంటుంది. ఊరికే నిలబడి ఉన్నప్పుడే గుర్రం బరువులో దాదాపు 60 శాతం ముందుకాళ్ల మీద ఉంటుంది. ఆ సమయంలో మనం కూడా ముందుకు వంగి కూర్చుంటే మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టే.

ఇదంతా పక్కవారిని చూసి చెబుతున్న మాట కాదు. నేను కొన్నేళ్లు ఒక ఎర్రని ఆడగుర్రాన్ని ఇలాగే తరిమాను. అది సోమరిదని, కాలికి స్పందించదని అందరికీ చెప్పేవాణ్ని. ఒకరోజు ఒక స్నేహితురాలు కంచె మీద ఫోన్ పెట్టి నా స్వారీని నెమ్మది వేగంలో చిత్రీకరించి ఇచ్చింది. 1878లో ఈడ్వర్డ్ మైబ్రిడ్జ్ వరుసగా కెమెరాలు పెట్టి ఫోటోలు తీసేవరకు, పరుగెత్తే గుర్రం నాలుగు కాళ్లూ ఎప్పుడైనా నేలను విడిచి ఉంటాయా అన్న దానిమీదే మనుషులు వాదించుకున్నారు, అంటే మన కన్ను అంత మందమైనది. నా కన్ను అంతకంటే మందమని ఆ ఫోన్ చూపించింది. అందులో కనిపించిన క్రమం ఇది: క్యాంటర్ అడుగుతూ నేను బయటి కాలిని వెనక్కి జరపడానికి రెండు అడుగుల ముందే నా నడుము ముందుకు వంగింది, గడ్డం లోపలి భుజం వైపు దిగింది, లోపలి చెయ్యి పగ్గాన్ని నా కడుపు వైపు లాగింది. కాలు పొమ్మంటుంటే చెయ్యి ఆగమంటోంది. గుర్రం చెవులు ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి తిరిగాయి, అది నోరు కొద్దిగా తెరిచి, దిక్కు తోచక పరుగు అందుకుంది. దాన్ని సోమరి అన్న నోటితోనే నాకు నేను ఏమని చెప్పుకోవాలో తెలియలేదు.

అక్కడి నుంచి నేను మొదట మార్చుకున్నది అడిగే క్షణాన్ని. ట్రాట్‌లో లేస్తూ కూర్చుంటూ సరైన జతతో స్వారీ చేస్తున్నవారు, బయటి ముందుకాలు నేల మీద ఉన్నప్పుడు కూర్చుంటారు. ఆ క్షణంలో దానికి జత అయిన లోపలి వెనుకకాలు కూడా నేల మీదే ఉంటుంది, బయటి వెనుకకాలు మాత్రం గాలిలో ముందుకు ఊగుతూ ఉంటుంది. క్యాంటర్‌కు మొదటి దెబ్బ వేయవలసింది ఆ కాలే కాబట్టి, అది గాలిలో ఉండగానే అడగాలి, దిగిన తరువాత అడిగితే ఆ అడుగు ట్రాట్‌కే ఖర్చయిపోయి, మన మాట తరువాతి జత వరకు వేలాడుతుంది. చిత్రమేమిటంటే, క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో గ్రీకు సైనికుడైన జెనోఫోన్ ఇదే చెప్పాడు: ఎడమ లీడ్ కావాలంటే, ట్రాట్‌లో గుర్రం కుడి కాలు మోపుతున్నప్పుడు సంకేతం ఇవ్వమన్నాడు. కుడి ముందుకాలు నేల మీద ఉందంటే కుడి వెనుకకాలు గాలిలో ఉన్నట్టే. రికాబులు లేకుండా, వట్టి వీపు మీద కూర్చొని ఆయన పట్టుకున్న క్షణం, మెత్తని జీను, రికాబులు, ఫోను అన్నీ ఉన్న నాకు అన్నేళ్లు దొరకలేదు.

క్షణం దొరికినంత మాత్రాన సరిపోదు, ఆ క్షణానికి గుర్రం సిద్ధంగా ఉండాలి. ఇక్కడే హాఫ్ హాల్ట్ అనే మాట వస్తుంది, దాన్ని చాలామంది పగ్గం లాగడంగా అర్థం చేసుకుంటారు. నా దృష్టిలో అది ఒక్క అంగ కాలం పాటు నడుము నిలిపి, తొడలు కొద్దిగా దగ్గర చేసి, బయటి చేతి పిడికిలిని తడిగుడ్డ పిండినంత మెల్లగా బిగించి, వెంటనే వదిలేయడం. వదలడమే అందులో ముఖ్యం. వదలకపోతే గుర్రం ఆ చేతి మీద ఆనుకుంటుంది, ఆనుకున్న గుర్రం వెనుకకాళ్లను కిందికి తెచ్చుకోదు. అలా రెండు మూడుసార్లు చేశాక ట్రాట్ కొంచెం నెమ్మదిస్తుంది గానీ ఊపు తగ్గదు. అప్పుడు లోపలి కాలు జీనుపట్టీ దగ్గరే ఉండగా, బయటి కాలిని అరచెయ్యి వెడల్పున వెనక్కి జరిపి, లోపలి తుంటిని కొంచెం ముందుకు పోనిచ్చి అడగాలి. తన్నక్కర్లేదు. స్పందన రాకపోతే ఒకసారి, స్పష్టంగా, కొరడా కొసతో తాకి చెప్పవచ్చు, కానీ అడుగడుగునా గొణుగుతున్నట్టు మడమలు కొట్టుకుంటూ పోతే, గుర్రం ఆ గొణుగుడు వినడం మానేస్తుంది, మానేసినందుకు దాన్ని తప్పుపట్టలేము.

స్థలం కూడా లెక్కలోకి వస్తుంది. పొడవాటి తిన్నని గోడ వెంట అడిగితే గుర్రం ముందుకు పరుగెత్తడం తేలిక. 20 మీటర్ల వలయంలో అయితే దాని శరీరం ఇప్పటికే కొద్దిగా వంగి ఉంటుంది కాబట్టి లీడ్ తేలికగా కుదురుతుంది. నాకు అన్నిటికంటే పనికొచ్చిన అభ్యాసం ఒకటి ఉంది: వలయాన్ని ట్రాట్‌లో 15 మీటర్లకు మెల్లగా కుదించి, తరువాత లోపలి కాలితో గుర్రాన్ని పక్కకు జరుపుతూ మళ్లీ 20 మీటర్లకు విస్తరించాలి. బయటికి జరిగే ఆ నాలుగైదు అడుగుల్లో లోపలి వెనుకకాలు పొట్ట కిందికి వస్తుంది, గుర్రం బయటి పగ్గంలోకి నిండుగా చేరుతుంది, సరిగ్గా పెద్ద వలయం గీత మీదకు చేరేసరికి క్యాంటర్ అడిగితే అది లేచి వస్తుంది. లేచి రావడానికి, పడి రావడానికి మధ్య తేడా చూసేవారికంటే కూర్చున్నవారికి ముందు తెలుస్తుంది, జీను ముందుభాగం మన వైపు ఎత్తుకున్నట్టు అనిపిస్తుంది.

పరుగు అందుకుంటే ఏం చేయాలి? మానేయాలి. మళ్లీ ట్రాట్‌ను చక్కదిద్దుకొని, అవసరమైతే నడకలోకి దిగి, ఒక వలయం ఊపిరి పీల్చుకొని, మళ్లీ అడగాలి. ఇక్కడే ఓపిక లేనివాళ్లు, "అడిగినది ఇవ్వకుండా దాన్ని వదిలేస్తే అదే గెలిచినట్టు" అంటారు. గుర్రానికి గెలుపోటముల గొడవ ఉందని నేను అనుకోను, దానికి హాయి, ఇబ్బంది రెండే తెలుసు. పరుగెత్తి తూలినప్పుడు వచ్చిన క్యాంటర్‌ను కొనసాగిస్తే, ఆ పరుగే సరైన సమాధానమని దానికి చెప్పినట్టవుతుంది. ఇంకొక మాట: క్యాంటర్‌లో గుర్రం ఒక్కో అంగకు ఒక్కో శ్వాస తీసుకుంటుంది, మనం మాత్రం అడిగే ముందు ఊపిరి బిగబట్టి నడుమును కర్రలా చేసుకుంటాం. అడుగుతున్నప్పుడు ఊపిరి బయటికి వదలండి. సగం బిగువు అక్కడే పోతుంది.

తప్పు లీడ్ గురించి ఎక్కువ చెప్పను. ఒక వైపే మళ్లీ మళ్లీ తప్పుతోందంటే, చాలాసార్లు లోపలి పగ్గం లాగి మెడను మాత్రమే వంచి, భుజాన్ని బయటికి జారనిచ్చిన ఫలితం అది. మెడను తిన్నగా చేసి, బయటి పగ్గాన్ని నిలిపి అడిగితే సగం గుర్రాలు సర్దుకుంటాయి.

మిగిలిన సగం గురించే నా అసలు కోపం. బాగా చేస్తూ వచ్చిన గుర్రం హఠాత్తుగా క్యాంటర్‌కు నిరాకరిస్తే, తోక విసిరితే, చెవులు వెనక్కి అతికించుకుంటే, రెండు వెనుకకాళ్లు కలిపి కుందేలులా గెంతితే, దానికి మొండితనం అనే పేరు పెట్టే ముందు నొప్పి గురించి ఆలోచించాలి. స్వారీలో ఉన్న గుర్రం నొప్పిని గుర్తించడానికి పశువైద్యురాలు సూ డైసన్, ఆమె సహచరులు 2018లో 24 ప్రవర్తనల పట్టిక ప్రచురించారు. వాటిలో 8 లేదా అంతకంటే ఎక్కువ కనిపిస్తే కండరాలలోనో ఎముకలలోనో నొప్పి ఉండే అవకాశం ఎక్కువ. తప్పు లీడ్ పట్టడం, లీడ్ పదేపదే మార్చడం కూడా ఆ పట్టికలో ఉన్నాయి. నేను ఒకప్పుడు స్వారీ చేసిన ఒక గుర్రం ఎడమ లీడ్ మాత్రం ఇచ్చేది కాదు. రెండు నెలలు దాన్ని మొండిదని తిట్టుకున్నాను. చివరికి జీను తీసిన వెంటనే వీపును నిదానంగా తడిమి చూస్తే, ఎడమ భుజం వెనుక అరచెయ్యంత మేర వేలు ఆనించగానే చర్మం వణికింది. చెమట పట్టిన వీపు మధ్యలో ఆ చోటు మాత్రం పొడిగా ఉంది, జీను అక్కడ అదిమిపెట్టి ఉంచిన గుర్తు అది. వైద్యుడు చూసి, విశ్రాంతి ఇప్పించి, జీను మార్పించిన తరువాత ఆ లీడ్ తిరిగి వచ్చింది. రెండు నెలల నా వలయాలు, హాఫ్ హాల్టులు, ఊపిరి పాఠాలు దానికి పుండు మీద కారం చల్లినట్టే అయ్యాయి.

చిన్న వయసు గుర్రాలతో పనిచేసేవారు మొదట రౌతు లేకుండా, పొడవాటి తాడు మీద గుండ్రంగా తిప్పుతూ నోటిమాటతో క్యాంటర్ నేర్పడం మంచిది. తన బరువునే ఎలా మోయాలో తెలియని గుర్రం మీద మన బరువు కూడా పెట్టి పరీక్షలు పెట్టడం ఎందుకు? ఆ మాటను తరువాత జీను మీద నుంచి అన్నప్పుడు అది గుర్తుపడుతుంది, కాలి సంకేతం దానికి తోడు మాత్రమే అవుతుంది.

ఆ ఎర్రని ఆడగుర్రం విషయానికి వస్తే, క్షణం మార్చుకున్న మూడో వారంలో ఒక ఉదయం, వలయం విస్తరిస్తూ పెద్ద గీత మీదకు చేరేసరికి, నేను బయటి కాలిని ఇంకా పూర్తిగా వెనక్కి జరపలేదు, నడుము మాత్రం ఆలోచన వెంట కదిలినట్టుంది, అది ఒక్క అడుగు కూడా తొందరపడకుండా పైకి లేచింది. పదకొండు అంగలు లెక్కపెట్టాను. పన్నెండోదానికి అలసి ట్రాట్‌లోకి దిగింది, నేను దిగనిచ్చాను. పగ్గాలు వదిలేసి నడిపించాను, అది మెడ కిందికి చాచి ముక్కుతో గట్టిగా ఊదింది. ఆ రోజు మళ్లీ అడగలేదు.