దేశం సగటు చూసి విత్తితే...

‘వర్షాలు సాధారణమే, వేరుశనగ ధైర్యంగా వేసుకోవచ్చు’ అని అనంతపురం రైతుకు చెప్పడం తొందరపాటు. భారత వాతావరణ శాఖ (ఐఎండీ) ఏప్రిల్‌లో ఇచ్చే వర్షాల అంచనా అంకె దేశం మొత్తానికి, జూన్ నుంచి సెప్టెంబరు దాకా కలిపి. సగటు 87 సెం.మీ., అందులో 96–104 శాతం పడితే ‘సాధారణం’. అదీ ±5 శాతం తేడాతో. 2023లో అంచనా 96 శాతం, పడింది 94. చూడ్డానికి దగ్గరే! కానీ ఆ ఆగస్టు 1901 తర్వాత అతి పొడి ఆగస్టు. జులైలో విత్తిన వేరుశనగకు సరిగ్గా అది పూత, ఊడలు (కాయ కట్టడానికి పువ్వు నుంచి నేలలోకి దిగే కాడలు) దిగే సమయం. ఎర్రనేలలో తేమ నిలవదు, అప్పుడు బెట్ట వస్తే నేల గట్టిపడి ఊడలు దిగవు. సెప్టెంబరు వానకు తీగ పచ్చబడుతుంది గానీ పోయిన కాయ తిరిగి రాదు.

అందుకే సీజన్ అంచనాను విత్తే తేదీకి వాడకూడదు. మే నెలాఖరున ఐఎండీ ఇచ్చే సవరణలో ఏ ప్రాంతానికి ఎంత అవకాశమో చూపే మ్యాపులో మన ప్రాంతం చూడాలి. ‘తక్కువ వర్షానికి 45 శాతం అవకాశం’ అంటే తక్కువ కాకపోయే అవకాశం ఇంకా 55 ఉన్నట్టే. పంట మానేయక్కర్లేదు. వేరుశనగ విస్తీర్ణం కాస్త తగ్గించి, పదకొండు వేరుశనగ సాళ్లకు ఒక కంది సాలు (11:1) బదులు ఏడింటికి ఒకటి (7:1) పెట్టుకోవచ్చు. అప్పు తక్కువ చేయవచ్చు, బీమా గడువు దాటనీయకుండా చూసుకోవచ్చు. విత్తడానికి మాత్రం నేలలో పదును (విత్తనానికి చాలినంత తడి), ప్రతి గురువారం ఐఎండీ ఇచ్చే రాబోయే వారాల అంచనా, మంగళ, శుక్రవారాల్లో వచ్చే జిల్లా వ్యవసాయ వాతావరణ బులెటినే ఆధారం. జులై దాటినా పదును కాకపోతే వేరుశనగ విత్తనం అమ్మేసి ఉలవలకు వెళ్లడం నయం.