బ్యాటరీ రిక్షా ఎక్కొద్దన్న మెసేజ్‌కి బరంపురం నుంచి జవాబు

ఈ నెలలో మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒకే మెసేజ్ నాలుగుసార్లు వచ్చింది. ఇచ్ఛాపురం పిన్ని పంపింది, రాయగడ బాబాయి పంపాడు, ఇక్కడ మా కోర్టుపేట వాళ్లూ పంపారు. అందులో ఉన్నది ఇదీ: "ఈ-రిక్షాలో ఇంట్లో వాళ్లని ఎక్కించకండి. మలుపు తిరిగితే బోల్తా కొడుతుంది. బ్యాటరీ పేలుతుంది, వానలో షాక్ కొడుతుంది. దానికి చట్టమూ లేదు, లైసెన్సూ లేదు. బ్యాటరీల ఖర్చు చూస్తే పెట్రోల్ ఆటోయే నయం."

మా బావ ఐదేళ్లుగా ఒడిశాలోని మా బరంపురంలో ఈ-రిక్షా నడుపుతున్నాడు. ఈ మెసేజ్ తిరిగిన వారంలోనే, రోజూ స్కూలుకి దింపే ఇద్దరు పిల్లల్ని వాళ్ల అమ్మలు మాన్పించేశారు. నాకు బాధగా ఉంది. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు రాస్తున్నాను.

ముందు బోల్తా సంగతి. ఇందులో కొంత నిజం ఉంది, కాదనను. మూడు చక్రాల బండి ఏదైనా కారు కంటే తొందరగా ఒరుగుతుంది. పెట్రోల్ ఆటో కూడా అంతే. కానీ ఎప్పుడు ఒరుగుతుందో మెసేజ్ చెప్పలేదు. ముందు ఒక చక్రం, వెనక రెండు. ఆ మూడింటినీ కలిపి నేల మీద గీత గీస్తే త్రికోణం వస్తుంది. బరువు వెనక వైపు, వెడల్పు ఉన్న చోట ఉంటే బండి నిలకడగా ఉంటుంది. ముందుకి జరిగేకొద్దీ త్రికోణం సన్నబడుతుంది, మలుపులో ఆసరా తగ్గుతుంది. ఈ-రిక్షాలో వంద కిలోలు దాటే నాలుగు బ్యాటరీలు సీటు కింద, నేలకి దగ్గరగా ఉంటాయి. అది మంచిదే. మరి దాన్ని పాడు చేస్తున్నదెవరు? మా ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర రోజుల్లో చూడండి. వెనక ఆరుగురు, డ్రైవరుకి అటొకరు ఇటొకరు, టాపు మీద బియ్యం బస్తా. డ్రైవరు పక్కన కూర్చున్న ఇద్దరూ బరువుని సరిగ్గా సన్నటి వైపుకి లాగుతారు. టాపు మీది బస్తా బరువుని పైకి ఎత్తేస్తుంది. ఆ స్థితిలో గేట్ బజార్ మలుపు వేగంగా తిప్పితే ఏ మూడు చక్రాల బండైనా పడుతుంది.

రూలు ప్రకారం డ్రైవరు కాకుండా నలుగురు, 40 కిలోల సామాను, గంటకి 25 కిలోమీటర్ల వేగం. అంతే. ఆ లెక్కలో నడిపితే బోల్తా భయం చాలా తగ్గుతుంది. ఐదో మనిషిని ఎక్కించుకోవద్దని మనమే డ్రైవరుకి చెప్పాలి. మా బావకి నేను చెప్పాను. మొదట్లో విసుక్కున్నాడు, ఇప్పుడు వినిపించుకుంటున్నాడు.

చట్టం లేదన్నది పాత మాట. 2014 జులై చివర్లో ఢిల్లీ హైకోర్టు అక్కడ ఈ-రిక్షాలని ఆపేసింది, అది నిజమే. అప్పటికి వాటికి సరైన రూల్సు లేవు. అదే ఏడాది అక్టోబరులో కేంద్రం మోటారు వాహనాల రూల్సు మార్చింది. 2015లో చట్టాన్నే సవరించి ఈ-రిక్షా, ఈ-కార్ట్ (సామాన్లు మోసే బ్యాటరీ బండి) అనే పేర్లు చేర్చింది. రిజిస్ట్రేషన్ ఉండాలి, డ్రైవరుకి పది రోజుల శిక్షణ, లైసెన్సు ఉండాలి. నంబరు ప్లేటు లేని బండి కనిపిస్తే ఎక్కకండి. అది ఆ బండి తప్పు, మొత్తం ఈ-రిక్షాలది కాదు.

ఇక బ్యాటరీ. 2022లో కొన్ని ఊళ్లలో ఎలక్ట్రిక్ స్కూటర్లు తగలబడ్డ వీడియోలు అందరికీ గుర్తున్నాయి. వాటిలో ఉన్నవి లిథియం బ్యాటరీలు. మా బావ బండిలో ఉన్నవి సీసం, యాసిడ్ బ్యాటరీలు, ఇంట్లో ఇన్వర్టర్ కింద పెట్టుకునే రకం. వాటికి లిథియంలాగా లోపల్నుంచి అంటుకునే గుణం లేదు. అలాగని ప్రమాదమే లేదనుకోకూడదు. చార్జింగ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వాయువు వస్తుంది. మూసిన గదిలో అది పేరుకుంటే చిన్న నిప్పురవ్వ చాలు. అందుకే బండిని వరండాలో పెట్టి చార్జ్ చేస్తారు. అక్కడ బీడీ కాల్చనివ్వడు బావ, అగరొత్తి కూడా వెలిగించనివ్వడు.

ఆదివారం పొద్దున్న ఆయన సీటు ఎత్తితే నేను పక్కనే కూర్చుని చూస్తాను. టెర్మినళ్ల (బ్యాటరీకి వైర్లు బిగించే కొనల) చుట్టూ తెల్లగా, పచ్చగా ఉప్పులాంటి పొక్కు కట్టి ఉంటుంది. ముందు కనెక్షన్ తీసేసి, వేడి నీళ్లలో వంట సోడా కలిపి పాత టూత్ బ్రష్‌తో రుద్దుతాడు. బుసబుసా పొంగుతుంది. తుడిచి, నట్లు బిగించి, పైన కొంచెం వాజిలిన్ రాస్తాడు. తర్వాత మూతలు తీసి డిస్టిల్డ్ వాటర్ పోస్తాడు. వదులుగా ఉన్న నట్టు దగ్గరే వైరు వేడెక్కి కాలుతుంది. అర గంట పని. ఇది చేసే డ్రైవరా కాదా అని అడగండి, సిగ్గుపడక్కర్లేదు.

వానలో షాక్ అన్నది పూర్తిగా తప్పు. 12 వోల్టులవి నాలుగు కలిపితే 48 వోల్టులు. సీట్లో కూర్చున్నవాళ్లకి దాంతో షాక్ తగలదు. నీళ్లు నిలిచిన రోడ్డులో మోటారులోకి, దానికి కరెంటు అందించే కంట్రోలరులోకి నీరు వెళ్తే బండి ఆగిపోతుంది, దిగి తొయ్యాలి. జాగ్రత్త పడాల్సింది ఇంట్లో 230 వోల్టుల చార్జరు దగ్గర. ఎర్తింగ్ ఉన్న సాకెట్ వాడాలి, తడి చేత్తో ప్లగ్గు ముట్టుకోకూడదు.

ఖర్చు లెక్క కూడా చెబుతాను. 120 ఆంపియర్ అవర్ల (బ్యాటరీ ఎంత కరెంటు దాచుకోగలదో చెప్పే కొలత) బ్యాటరీలు నింపడానికి, వృథాతో కలిపి, రోజుకి సుమారు 8 యూనిట్లు. యూనిట్ ఆరు రూపాయలనుకుంటే 48 రూపాయలు. బావ కిందటి సెట్టు 40 వేలకి కొన్నాడు, 16 నెలలు వచ్చింది. నెలకి 25 రోజుల చొప్పున రోజుకి వంద పడింది. మొత్తం 148. అదే రోజుకి 80 కిలోమీటర్లు తిరగాలంటే, లీటరుకి 30 కిలోమీటర్లు ఇచ్చే పెట్రోల్ ఆటోకి రెండున్నర లీటర్ల పైనే కావాలి. పెట్రోల్ వంద దాటింది, కాబట్టి 260 పైమాటే. పాత బ్యాటరీల్లో సీసం ఉంటుంది, తిరిగి ఇచ్చేస్తే దానికీ డబ్బొస్తుంది.

రాయగడ బాబాయికి మాత్రం ఒక మాట. ఘాట్ రోడ్డు ఎక్కడానికి ఈ బండి కాదు. కిలోవాట్ మోటారుతో నలుగురిని ఎక్కించుకుని గట్టి ఎత్తు ఎక్కాలంటే నడక వేగానికి దిగిపోతుంది, మోటారు వేడెక్కుతుంది. హైవే మీద లారీల మధ్య 25 కిలోమీటర్ల వేగంతో వెళ్లడం కూడా వద్దు. ఇది ఊళ్లో తిరిగే బండి.

మెసేజ్ చివర్లో "ముసలివాళ్లని అసలు ఎక్కించకండి" అని ఉంది. నాకు ఎక్కువ కోపం వచ్చింది దాని మీదే. మా అమ్మకి రెండు మోకాళ్లూ అరిగిపోయాయి, బస్సు మెట్టు ఎక్కలేదు. ఈ బండి నేలకి దగ్గరగా ఉంటుంది, ఎదురెదురు సీట్ల మధ్య కాళ్లు చాపుకోవచ్చు. గురువారం గురువారం డాక్టరు దగ్గరికి అందులోనే వెళ్తుంది. వచ్చేటప్పుడు బడాబజార్‌లో కూరగాయలు కొని, సంచి కాళ్ల దగ్గర పెట్టుకుని కూర్చుంటుంది.