దూరాన్ని 900తో భాగిస్తే సరిపోదు

మా ఫ్యామిలీ గ్రూపులో ఈ మెసేజ్ వారంలో మూడుసార్లు తిరిగింది. అందులో ఉన్నదిది: విమానం గంటకు 900 కి.మీ. పోతుంది కాబట్టి దూరాన్ని 900తో భాగిస్తే ప్రయాణ సమయం వచ్చేస్తుంది. అంతకు మించి పట్టిందంటే కంపెనీలు చుట్టు తిప్పుతున్నట్టే, సీటు ముందు స్క్రీన్‌పై విల్లులా వంగి కనిపించే దారే సాక్ష్యం. రానూపోనూ సమయాల్లో తేడా వచ్చేది భూమి తిరగడం వల్ల.

ముందు ఆ వంపు సంగతి. ఒక గ్లోబు తీసుకుని లండన్ మీద, న్యూయార్క్ మీద వేళ్ళు పెట్టి మధ్యలో దారం బిగించి చూడండి. దారం తనంతట తానే ఉత్తరానికి జరుగుతుంది. అదే దగ్గరి దారి, సుమారు 5,540 కి.మీ. గుండ్రటి భూమిని పలకలా పరిచిన మ్యాపులో అదే వంకరగా కనిపిస్తుంది. 60 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద భూమికి చెరోవైపు రెండు ఎయిర్‌పోర్టులు ఉన్నాయనుకుందాం. మ్యాపులో తిన్నగా కనిపించే గీత వెంట పోతే దాదాపు 10,000 కి.మీ., ధ్రువం మీదుగా పోతే 6,700 లోపే. యుద్ధాలు, తుపానులు, మూసేసిన గగనతలం వల్ల చుట్టు తిరగాల్సి రావడం నిజమే, కానీ వంపు దానికి రుజువు కాదు. అయినా ఇంధనం ఖర్చు వాళ్ళదే, ఊరికే ఎందుకు తిప్పుతారు?

భూమి తిరుగుడు వాదన దాని లెక్కలోనే నిలవదు. భూమి తిరిగేది తూర్పుకి. అంటే పడమరకు పోయే విమానానికి గమ్యమే ఎదురొచ్చి, అది ముందు చేరాలి. జరిగేది సరిగ్గా తిరగబడి: న్యూయార్క్ నుంచి లండన్‌కు ఏడు గంటల లోపు, తిరుగు ప్రయాణానికి ఎనిమిది దాకా. గాలి కూడా భూమితోపాటే తిరుగుతుంది. కదిలే బస్సులో దోమ వెనక సీటు నుంచి ముందు సీటుకు ఎగరడానికి బస్సు వేగంతో పనేముంది?

అసలు కారణం జెట్ స్ట్రీమ్. సుమారు 9 నుంచి 12 కి.మీ. ఎత్తున పడమర నుంచి తూర్పుకు వీచే గాలి ప్రవాహం. ఆ 900 అనేది చుట్టూ ఉన్న గాలితో పోల్చిన వేగం. వెనక నుంచి 200 తోస్తే నేల మీద లెక్కకు 1,100, ఎదురొస్తే 700. 2020 ఫిబ్రవరిలో తుపాను గాలులు తోడై ఒక బోయింగ్ 747 న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. ఇంకో ముచ్చట: 2016లో ఎయిర్ ఇండియా తన ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ వదిలి పసిఫిక్ మీదుగా మళ్ళించింది. దూరం వెయ్యి కి.మీ.కు పైగా పెరిగింది, సమయం మాత్రం గంటకు పైనే తగ్గింది. భాగహారం మెసేజ్ రాసినాయన దీన్ని ఎక్కడ సర్దుతాడో!

ఇక టికెట్‌పై ఉండే సమయం గాల్లో ఉండేది మాత్రమే కాదు. గేటు దగ్గర కదిలినప్పటి నుంచి అవతల గేటు దగ్గర ఆగేదాకా లెక్క. రన్‌వే దాకా పాకడం, క్యూలో నిలబడటం అందులోవే. పైగా 10,000 అడుగుల లోపు చాలాచోట్ల వేగం 250 నాట్లు, అంటే గంటకు సుమారు 460 కి.మీ. దాటకూడదు. అందుకే 500 కి.మీ. దూరానికి 33 నిమిషాలు అన్న లెక్క కాగితం మీదే మిగులుతుంది.

ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి: ఆలస్యమైనా టైమ్‌కే చేరాం అనిపించుకోవడానికి షెడ్యూల్‌లో కొన్ని నిమిషాలు అదనంగా కలుపుకోవడం కంపెనీలకు అలవాటే.