సున్నా తెచ్చిన పాము

నిన్న పర్లాకిమిడిలో మా వాడి బడిలో పేరెంట్స్ మీటింగు. మోకాలి నొప్పి తగ్గేలోపే రాసేస్తున్నా.

వాడిది ఒకటో తరగతి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. "రెండూ గుండ్రటి అక్షరాలేరా, ఒకటొస్తే రెండోది అదే వస్తుంది" అని ధైర్యం చెప్పింది నేనే. ఒడియా 'ఠ' అచ్చం మన సున్నాలా ఉంటుందన్న సంగతి మాత్రం చెప్పలేదు. 1936 ఏప్రిల్ 1న మా ఊరు ఒడిశాలో కలిసింది గానీ మా ఇంటి సున్నా ఇంకా కలవలేదు.

సారు వాణ్ని లేపి చదవమన్నారు. పేజీ పైన 'పాఠ' అని ఉంది. 'పా' అని దీర్ఘం తీసి, పక్కన సున్నా చూసి ఆగాడు. తెలియని మాటొస్తే కూడబలుక్కోవడం కాదు, బొమ్మ చూసి ఊహించాలట. ఆ బడి పద్ధతి అది. కింద తాడాట ఆడుతున్న పిల్ల బొమ్మ. తాడును చూసి పామనుకోవడం మన వేదాంతులకే తప్పలేదు, వీడెంత?

"పాం!" అని అరిచాడు.

వెనక కునుకు తీస్తున్న నేను కళ్లు తెరిచేసరికి బల్ల మీద ఉన్నాను. నాలాగే ఇంకో ఆరుగురు. మిగతావాళ్లు కింద కూర్చుని మమ్మల్ని వింతగా చూస్తున్నారు. ఆ గదిలో తెలుగువాళ్లెవరో ఒడియావాళ్లెవరో జనాభా లెక్కల వాళ్లు కూడా అంత కచ్చితంగా తేల్చలేరు. ఇంతలో వాళ్లలో ఒకాయనకు మా భాష తట్టినట్టుంది, "సాప! సాప!" అని కేకేశాడు. ఒడియాలో సాప అంటే పామే. మూలనున్న మా ముసలమ్మ ఒకావిడ, "సాపెందుకు బాబూ, బల్లలున్నాయి కదా" అంది. అప్పటికి ఆ బల్లలు కూడా ఖాళీ లేవు.

ఇంగ్లండులో 2012 నుంచి చిన్నపిల్లలకు చదివే పరీక్ష ఒకటి పెడుతున్నారు. 40 మాటలిస్తే అందులో 20కి అర్థమే ఉండదు. ఊహతో పని జరగదు, అక్షరం అక్షరం కలుపుకోవాల్సిందే. ఈ మాట సారు మొహాన చెబుదామనుకున్నాను. బల్ల మీద నిలబడి చెబితే బాగుండదని ఊరుకున్నాను. దిగబోతుంటే బల్ల ఒరిగింది.

సారు డైరీలో ఎర్రసిరాతో నాలుగు లైన్లు ఒడియాలో రాసిచ్చారు. ఒత్తులొస్తే నాకూ కష్టమే. ఇంటికొచ్చి వాణ్నే చదవమన్నాను.

అటూ ఇటూ తిప్పి చూశాడు. "బొమ్మ లేదు కదా నాన్నా!"