‘పొడి ఎండే కదా’ అనే ఊరడింపు మాటకు ఒక విన్నపం

మహారాజశ్రీ ‘పొడి ఎండే కదా’ గారి సముఖమునకు,

తిరుపతి బైరాగిపట్టెడ వాస్తవ్యుడు, ప్రస్తుతం అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, ఫీనిక్స్ నగరం పక్కనున్న టెంపేలో విద్యార్థి, అనేక నమస్కారాలతో వ్రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మా ఇంటి మర్యాద. అయితే తమరు క్షేమంగా ఉన్నట్లు ఈ ఊళ్లో ప్రతి నోటా వింటున్నాను కనుక, నా క్షేమం సంగతి మాత్రమే మనవి చేసుకుంటాను.

తమరితో నా తొలి పరిచయం తిరుపతిలోనే జరిగింది. ఫీనిక్స్ ప్రాంతంలో ఎండ 45 డిగ్రీలు దాటుతుందట కదా అని మా నాన్న అడిగితే, కన్సల్టెన్సీ కుర్రాడు ఫ్యాను కింద కూడా చెమట తుడుచుకుంటూ, "అది పొడి ఎండ సార్, మనదాని మాదిరి ఉక్కపొయ్యదు, తిరుపతోళ్లకు అదొక లెక్కా?" అన్నాడు. మే నెలలో మిద్దె మీద నీళ్లు చల్లుకొని పడుకునే వంశంలో పుట్టినవాడిని కనుక నాకూ ఆ మాట సబబుగానే తోచింది.

ఆగస్టు మొదటి వారంలో, సాయంత్రం నాలుగు గంటలకు స్కై హార్బర్ విమానాశ్రయం అద్దాల తలుపులు తెరుచుకున్నాయి. ఇడ్లీ పాత్ర మూత తీస్తే ముఖానికి కొట్టే ఆవిరి నాకు తెలుసు. ఇక్కడ కొట్టింది ఆవిరి కాదు, ఇసుకలో బొరుగులు వేయించే బట్టీ సెగ. నేను నోరు తెరిచే లోపే టాక్సీ డ్రైవరు పెట్టెలు ఎత్తుతూ "డ్రై హీట్" అని తమరిని స్మరించాడు. గదిలో సీనియర్లూ స్మరించారు. ఆ రాత్రి పదకొండు గంటలకు కిటికీ అద్దం మీద చెయ్యి పెట్టి తీసేసినప్పుడు నేనూ స్మరించుకున్నాను.

తమరిది పచ్చి అబద్ధమని అనను. గాలిలో తేమ లేదు కనుక చెమట పుట్టినచోటే ఆరిపోతుంది, ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది కూడా. చిక్కంతా అక్కడే ఉంది. తిరుపతి చెమట నిజాయితీ గలది, ఎంత నీరు పోయిందో చొక్కా మీద లెక్క రాసి చూపిస్తుంది. ఇక్కడి చెమట లెక్కాపత్రం లేకుండా ఖజానా ఖాళీ చేసి, నల్ల చొక్కా వీపున తెల్లటి ఉప్పు గీత ఒకటి రసీదుగా వదిలి వెళుతుంది. మూడో రోజుకు పెదవులు పగిలాయి, నాలుగో రోజు ముక్కు నుంచి రక్తం కారింది. బాల్కనీలో వేసిన తువాలు, నేను కాఫీ తాగి వచ్చేసరికి, విరిస్తే విరిగే అప్పడంలా నిలబడి ఉంది. చల్లనీళ్ల కొళాయి తిప్పితే, గొట్టాలున్న నేలే కాగిపోయింది కాబట్టి, వేడినీళ్లే వచ్చాయి. చల్లటి స్నానం కావాలంటే రాత్రే బకెట్టు నింపి ఏసీ గదిలో పెట్టుకోవాలని ఒక సీనియరు ఆస్తి పంపకాల రహస్యంలా చెప్పాడు.

తిరుమల మాడవీధుల్లో భక్తుల పాదాలు కాలకుండా తెల్లటి చలువ రంగు పూస్తారు, పట్టాలు పరిచి నీళ్లు చల్లుతారు. వేసవి మధ్యాహ్నం ఇక్కడి తారు రోడ్డు 70 డిగ్రీలకు చేరగలదు, దాని మీద తూలిపడినవారు కాలిన గాయాలతో ఆసుపత్రికి చేరడం ఇక్కడ మామూలే. వారి మంచం పక్కన కూడా తమరు కూర్చొని ఊరడిస్తారేమో తెలియదు.

తమరి ఘనత ఫీనిక్స్ రికార్డుల్లోనే ఉంది. 1990 జూన్ 26న 50 డిగ్రీలు నమోదైంది. 2023లో జూన్ 30 మొదలు వరుసగా 31 రోజులు 43 డిగ్రీలకు తగ్గలేదు. ఈ ఊళ్లన్నీ ఉన్న మారికోపా కౌంటీలో ఆ ఒక్క ఏడాదే ఎండ వల్ల 645 మంది పోయారు. పొడిగానే పోయారని అనుకోవాలి.

ఇన్ని చూశాక తమరిని పలకకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ఆదివారం అమ్మ ఫోను చేసి, "ఆడ ఎండలు ఎట్లున్నాయి నాయనా?" అంది. ఆమె గొంతులోని బెదురు విన్నాక నా నోట 43 అనే అంకె రాలేదు, తమరే వచ్చారు. "పొడి ఎండేలేమ్మా, బట్టలు పది నిమిషాల్లో ఆరిపోతాయి" అన్నాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఆ మాట ముందే చెప్పుంటే, వారం రోజులు కాకులు తోలి వడియాలు ఎండబెట్టేదాన్నా? మినుములే మూటగట్టి ఇచ్చుంటాను గదా, ఆడనే మిద్దె మీద పెట్టుకోనుంటావు" అంది.

మా అపార్ట్‌మెంటు వాళ్లు బాల్కనీలో తువాలు కూడా ఆరేయకూడదని నిన్ననే నోటీసు అంటించారు. మిద్దె మీదికి మెట్లు లేవు. ఆ సంగతి అమ్మకు తమరే చెప్పాలి.

ఇట్లు,
పెట్టెలో మూడు కిలోల వడియాలు గల
తమ విధేయుడు