చందా ఎవరిది, జెండా ఎవరిది?

అమెరికాలో ప్రభుత్వ ఉద్యోగి సంఘంలో చేరకపోయినా, తన తరఫున ఒప్పందం కుదిర్చినందుకు ఆ సంఘానికి రుసుము కట్టాలన్న పద్ధతి ఇరవైకి పైగా రాష్ట్రాల్లో ఉండేది. 2018 జూన్ 27న సుప్రీంకోర్టు జేనస్ కేసులో 5-4 తీర్పుతో దాన్ని కొట్టేసింది. ప్రైవేటు రంగంలో మాత్రం 24 రాష్ట్రాల్లో అలాంటి షరతు ఇప్పటికీ పెట్టుకోవచ్చు. ఇల్లినాయిలో ఉండే అక్క ఆ రుసుము న్యాయమంటుంది. టెక్సస్‌లో ఉండే తమ్ముడు కాదంటాడు. టెక్సస్‌లో 1947 నుంచీ అది నిషేధం.

తమ్ముడు: లెక్క దగ్గర మొదలుపెడదాం అక్కా. జేనస్ ఇల్లినాయి ప్రభుత్వంలో పిల్లల పోషణ భత్యం కేసులు చూసే ఉద్యోగి. సంఘ సభ్యుడు కాడు. అయినా నెలకు 44.58 డాలర్లు జీతంలోంచే కోసేసేవాళ్లు. వద్దు మొర్రో అన్నవాడి దగ్గర ముక్కు పిండి వసూలు చేయడం కాదా ఇది?

అక్క: అది సభ్యుడు కట్టే చందాలో 78 శాతం. మిగతా 22 శాతం ఎందుకు వదిలేశారో కూడా చెప్పరా. 1977లో సుప్రీంకోర్టే అబూడ్ కేసులో గీసిన గీత అది, జేనస్ తీర్పు చెరిపేసింది దాన్నే. బేరసారాలకు, ఒప్పందం అమలుకు, ఫిర్యాదులకు అయ్యే ఖర్చు అందరూ పంచుకోవాలి. రాజకీయాల ఖర్చు ఇష్టం లేనివాడి నెత్తిన వేయకూడదు. అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ ఎక్కనన్నవాడికి మెయింటెనెన్స్ మాఫీ చేస్తామా?

తమ్ముడు: అదే మెయింటెనెన్స్ డబ్బుతో సెక్రటరీ ఎమ్మెల్యే అభ్యర్థికి ఫ్లెక్సీలు కట్టిస్తే ఊరుకుంటావా?

అక్క: ఊరుకోను. కానీ లిఫ్ట్ డబ్బులు కూడా కట్టనని అనను. అసలు విషయం విను. ఒక సంఘం గుర్తింపు పొందిందంటే ఆ ఒప్పందం కిందకు వచ్చే ఉద్యోగులందరిలో చేరినవాడికీ చేరనివాడికీ అదే ప్రతినిధి. 1944లో స్టీల్ అనే రైల్వే ఉద్యోగి కేసు వచ్చింది. రైలింజన్లో బొగ్గు వేసే నల్లజాతి ఫైర్‌మెన్‌ను సంఘంలో చేర్చుకోకుండా, వాళ్ల పనులు ఊడిపోయేలా తెల్లవాళ్ల సంఘం ఒప్పందం రాసుకుంది. అందరి తరఫునా మాట్లాడే అధికారం తీసుకున్నాక అందరికీ న్యాయంగా ఉండాల్సిందేనని కోర్టు చెప్పింది. మంచి తీర్పు. ఆ బాధ్యతకు ఖర్చుంటుంది. చందా కట్టనివాడిని రేపు ఉద్యోగంలోంచి తీసేశారనుకో. ముందు సూపర్‌వైజర్‌తో మాట్లాడాలి. తర్వాత ఒప్పందంలో రాసిన గడువులోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. ఆ గడువు దాటితే ఎంత న్యాయమైన కేసైనా చచ్చినట్టే. ఆ తర్వాత శాఖలో విచారణ, అక్కడా తేలకపోతే ఆర్బిట్రేషన్, అంటే బయటి మధ్యవర్తి తీర్పు. ఆర్బిట్రేటర్ ఫీజు మామూలుగా సంఘం సగం, యాజమాన్యం సగం భరిస్తాయి. లాయరు ఖర్చు వేరే. ఇదంతా పక్క బల్ల మీద చందా కట్టేవాడి డబ్బుతో జరుగుతుంది. అతను ఎన్నాళ్లు కడతాడు? వచ్చే నెల తనూ మానేస్తాడు. దుర్మార్గుడై కాదు, లెక్క తెలిసి.

తమ్ముడు: ప్రతి కేసూ ఆర్బిట్రేషన్ దాకా మోయాలని చట్టంలో లేదుగా. పక్షపాతంగా, ఇష్టారాజ్యంగా, దురుద్దేశంతో నడుచుకోకపోతే చాలని 1967లో సుప్రీంకోర్టు వాకా తీర్పు చెప్పింది. పైగా అందరికీ మేమొక్కరమే ప్రతినిధులమని పట్టుబట్టేది సంఘాలే. మా సభ్యులకే మాట్లాడతాం అంటే ఈ గొడవే ఉండదు.

అక్క: ఒకే బల్ల దగ్గర నాలుగు సంఘాలు నాలుగు జీతాలు అడిగితే యాజమాన్యానికి పండగ.

తమ్ముడు: సరే, నీ గీత దగ్గరికే వస్తాను. ఆ 78 శాతం లెక్క కట్టిందెవరు? సంఘమే. 1986 హడ్సన్ తీర్పు ప్రకారం ఆ లెక్క చూపే నోటీసు ఇచ్చేవాళ్లు, ఆడిటర్ అంకెలు సరిచూసేవాడు. కానీ ఒక ఖర్చు బేరానిదా రాజకీయానిదా అని తేల్చడం ఆడిటర్ పని కాదు. అభ్యంతరం ఉంటే ఉద్యోగే మళ్లీ కొట్లాడాల్సి వచ్చేది. సంఘం ఖజానాలోంచి ఫెడరల్ అభ్యర్థులకు నేరుగా డబ్బివ్వడం 1947 నుంచీ నిషేధం, స్వచ్ఛందంగా ఇచ్చిన నిధి వేరే ఉంటుంది అంటావు. మరి ఆ నిధి నడిపే గుమాస్తా జీతం, సభ్యుల ఇళ్లకు తిరిగి ఫలానావాడికి ఓటెయ్యమని చెప్పే ఉద్యోగి జీతం ఎక్కడివి? చందాలోవే. సంఘాలు ఏటా కార్మిక శాఖకు లెక్కలు చెప్పే ఎల్‌ఎం-2 రిపోర్టులో రాజకీయ ఖర్చుకు విడిగా షెడ్యూల్ ఉంది కదా అంటావేమో. కేవలం రాష్ట్ర, స్థానిక ప్రభుత్వ ఉద్యోగులే ఉన్న సంఘం అది దాఖలు చేయనక్కర్లేదు. ఇంకో మాట. ప్రభుత్వంతో పెన్షన్ బేరం ఆడితే అది బడ్జెట్ గురించి మాట్లాడటమే. పన్నుల గురించి మాట్లాడటమే. అందులో బేరమెంత, రాజకీయమెంత?

అక్క: రిపోర్టు సంగతి నువ్వన్నది నిజం. అది సంఘాలవైపు తప్పే, నేను వెనకేసుకురాను. పెన్షన్ ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు.

తమ్ముడు: మన దేశమే నయం. 2025 నవంబర్ దాకా అమల్లో ఉన్న 1926 ట్రేడ్ యూనియన్ల చట్టంలో రాజకీయ నిధి విడిగా పెట్టుకోవాలన్నారు, దానికి ఇవ్వమని ఎవర్నీ బలవంతపెట్టకూడదన్నారు. జీతంలోంచి చందా కోయాలన్నా రాతపూర్వక సమ్మతి కావాలి. అక్కడ ఎవడు ఏడుస్తున్నాడు?

అక్క: కార్మికుడే ఏడుస్తున్నాడురా! 2001 సవరణ తర్వాత కూడా ఆ చట్టంలో కనీస చందా ఎంతుండేదో తెలుసా? ఏడాదికి పన్నెండు రూపాయలు. అసంఘటిత రంగంలో మూడు. గ్రామీణ కార్మికులకు ఒక్క రూపాయి.

తమ్ముడు: అది కనీసం మాత్రమే. ఎక్కువ పెట్టుకోవద్దని ఎవరన్నారు?

అక్క: పెడితే పక్క సంఘం తక్కువకే చేర్చుకుంటుంది. ఆఫీసు అద్దె, లాయరు, సమ్మె రోజుల్లో బియ్యం, ఇవన్నీ నెలకు రూపాయితో వస్తాయా? రావు. అందుకే పార్టీ వస్తుంది. పార్టీతోపాటు నాయకుడూ వస్తాడు. సంఘటిత రంగంలో కూడా ఆఫీసు బేరర్లలో మూడో వంతు లేదా ఐదుగురు, ఏది తక్కువైతే అంతమంది, బయటివాళ్లు ఉండొచ్చని చట్టమే ఒప్పుకుంది. ఏఐటీయూసీ అంటే సీపీఐ, సీఐటీయూ అంటే సీపీఎం, ఐఎన్టీయూసీ అంటే కాంగ్రెస్, బీఎంఎస్ అంటే సంఘ్ పరివార్ అని ఏ కార్మికుణ్ని అడిగినా చెబుతాడు. 2017లో సింగరేణిలో గుర్తింపు ఎన్నిక గెలిచింది అప్పటి అధికార పార్టీ అనుబంధ సంఘమే. బలవంతం లేదు, నిజమే. స్వతంత్రమూ లేదు. చందా తగ్గితే రాజకీయం తగ్గుతుందని నువ్వనుకుంటున్నావు. చందా తగ్గినచోట సంఘమే పార్టీ చేతిలోకి పోతుంది.

తమ్ముడు: నిండుగా చందా ఉన్న అమెరికాలో ఏం జరిగింది? అక్కడి సంఘాల పెద్ద సమాఖ్య ఏఎఫ్‌ఎల్-సీఐఓ దశాబ్దాలుగా దాదాపు ప్రతిసారీ డెమోక్రాట్ వైపే. సంఘం ఉన్న ఇళ్లలో 2020లో కూడా పదింట సుమారు నాలుగు ట్రంప్‌కి ఓటేశాయి. ఆ నలుగురి డబ్బు ఎటు పోయింది?

అక్క: ఆ దెబ్బ తగిలింది. కానీ 2024 సెప్టెంబర్‌లో లారీ డ్రైవర్ల సంఘం టీమ్‌స్టర్స్ ఏ అధ్యక్ష అభ్యర్థికీ మద్దతివ్వలేదు, చూశావా? సభ్యుల్లో సర్వే చేస్తే మొగ్గు ట్రంప్ వైపు కనబడింది. సొంత సంచి ఉన్న సంఘం కాబట్టి పార్టీ ముఖం మీదే కాదనగలిగింది. అందుకే నేనడిగేది రెండు కాగితాలు. ఒకటి బేరానికి, అందరికీ తప్పనిసరి. రెండోది రాజకీయానికి, ఏటా కొత్తగా సంతకం పెడితేనే. పెట్టనివాడు ఉత్తరం రాయక్కర్లేదు, గడువు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఇంటింటికీ తిరిగే ఉద్యోగి జీతం రెండో దాంట్లోంచే.

తమ్ముడు: ఏ ఖర్చు ఎందులో పడాలో ఎవరు తేలుస్తారు? సంఘమా, సంఘం బలంతో గెలిచిన గవర్నరా?

అక్క: ఇద్దరూ కాదు. బయటి ఆర్బిట్రేటర్. ఫిర్యాదు వచ్చాక కాదు, ఏటా ముందే. ఖర్చు సంఘానిది.

తమ్ముడు: అలాగైతే మొదటి కాగితం గురించి ఆలోచిస్తాను. పెన్షన్ బేరం మాత్రం అందులో రాయకు.